పడమటి కిటికీకి కర్టెన్

అమెరికాలో, మిషిగన్‌లోని ట్రాయ్ ఊళ్లో మా తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు. ఎప్పుడో స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న పాత రాతి చర్చిని ఆదివారం మధ్యాహ్నాలకు అద్దెకు తీసుకున్నాం. పొద్దున వాళ్ల ఆరాధన, రెండింటికి మాది. వాళ్లు పట్టుమని పదిమంది లేరు, అందరూ ముసలివాళ్లే.

పడమటి గోడకు పెద్ద రంగుటద్దాల కిటికీ ఉండేది. పడవ, వల, నీలం సముద్రం. పొద్దు పడమటికి తిరిగేసరికి ఆ రంగులన్నీ వచ్చి మా స్క్రీన్ మీద పడేవి. ప్రొజెక్టర్ చూసేది నేను. "బ్రదర్, పాట ఒక్క లైన్ కూడా కనపడట్లేదండి. ఏదో ఒకటి చేయండి," అన్నారు పాస్టర్ గారు. ఇంజనీర్ని కదా, ఊరుకుంటానా? నల్లటి మందపాటి కర్టెన్ ఆర్డర్ చేసి, నిచ్చెనెక్కి కట్టేశాను. అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను.

పొద్దుటి వాళ్లలో ఒక పెద్దావిడ మా ఆరాధనకూ వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. తెలుగు ముక్క రాదు. చివర్లో పెట్టే పులిహోర కోసమేనని నేను జోకులు కూడా వేశాను. కర్టెన్ కట్టిన మూడో వారం ఆమె నా దగ్గరకొచ్చి, ఒక్క పాటసేపు దాన్ని తీసి ఉంచగలవా అని అడిగింది. కిటికీ అడుగున వాళ్లమ్మ పేరు రాసి ఉందట. ఈమెను కన్న మర్నాడే ఆవిడ పోతే, తండ్రి ఆ కిటికీ చేయించాడట. వెనక ఎండ ఉంటే తప్ప ఆ అక్షరాలు కనపడవు. పొద్దునపూట ఆ గోడ చీకటి.

పాటలు మొదలయ్యే హడావుడిలో ఉన్నాను. వచ్చే వారం తప్పకుండా తీస్తానన్నాను.

వచ్చే వారం మబ్బు. ఆ తర్వాత మిషిగన్ చలికాలం, నెలల తరబడి ఎండ మొహమే చూడలేదు. ఆమె మాత్రం వచ్చి, కోటు విప్పకుండా కూర్చుని, కర్టెన్ వంక చూసి వెళ్లేది. మార్చిలో ఎండ కాసింది. కర్టెన్ తీసి పెట్టాను. ఆమె రాలేదు. మంచులో జారిపడి తుంటి విరిగిందని, నర్సింగ్ హోమ్‌లో చేర్చారని చెప్పారు. పాటలు కనపడట్లేదని అందరూ సణిగితే మళ్లీ మూసేశాను. ఎండాకాలంలో ఆమె పోయింది.

ఆ చర్చి అమ్ముడైంది. కిటికీ విప్పి పట్టుకెళ్లడానికి మనుషులొచ్చిన రోజు, కర్టెన్ తీయమని నన్నే పిలిచారు. మధ్యాహ్నం మూడు గంటలు, మంచి ఎండ. తీయగానే అడుగున ఆ పేరు వెలిగింది. ఒక్కణ్నే నిచ్చెన మీద నిలబడి చదివాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు మా ఆరాధన ఒక స్కూలు జిమ్‌లో. అక్కడ కిటికీలే లేవు. పాటలు అక్షరం అక్షరం చక్కగా కనపడతాయి. నేను మాత్రం స్క్రీన్ వదిలేసి పడమటి గోడ వంక చూస్తుంటాను.