ఏక్ సౌ సోలా రూపాయల ఇల్లు

ఆ రోజుల్లో ఉర్దూ చదవడం వచ్చినవాడికి లోకంలో తెలియనిదంటూ ఉండదని మా పెద్దపల్లిలో గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఊరందరికంటే నాకే ఎక్కువ. ఉర్దూ మీడియంలో ఎలాగో మెట్రిక్ గట్టెక్కి, తహసీల్ కచేరీలో కొత్తగా గుమాస్తాగా చేరాను. (గుమాస్తా అంటే, పెద్ద గుమాస్తా అడిగిన కాగితం తెచ్చివ్వడం, ఆయన చూశాక మళ్లీ తీసుకుపోయి పెట్టడం. ఇంట్లో మాత్రం ఆ వివరం చెప్పలేదు.) నిజాం హాలీ సిక్కా పోయి ఇండియా సర్కారు కల్దారు రూపాయి వచ్చింది గానీ, పాత కాగితాలన్నీ ఉర్దూలోనే ఉండేవి. ఎవరింట్లో ఏ పాత కాగితం బయటపడ్డా నన్ను పిలిచేవారు. నేను గొంతు సవరించుకుని, అర్థమైన ముక్క గట్టిగా, అర్థం కాని ముక్క ఇంకా గట్టిగా చదివేవాణ్ణి.

నన్ను కన్న అవ్వకు నా చదువుతో పనిలేదు. ఆమె కోరిక ఒక్కటే, సొంత బావి. కాపురానికి వచ్చిన నాటి నుంచి కిరాయి ఇళ్లే. ఒక ఇంటామె మేము కారం దంచితే తుమ్ములొస్తున్నాయని గొడవ పెట్టుకునేది. ఇంకో ఇంటామె బావి గిరక పక్కనే పీట వేసుకుని కూర్చుని, మేము చేదే ప్రతి బొక్కెనను కళ్లతో కొలిచేది. "సచ్చేలోపట ఒక్కనాడన్న ఎవ్వల్ని అడుగకుంట నీళ్లు చేదుకోవాలె" అని అవ్వ అంటుంటే, బట్టల దుకాణంలో లెక్కలు రాసే మా బాపు తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు. అలాంటి సమయంలో సీతాఫలాల అవ్వ ఇల్లు అమ్మకానికి వచ్చింది. పెరట్లో బావి, బావి పక్కన పెద్ద సీతాఫలం చెట్టు. కాయలు పండగానే వాడంతా పంచేది కాబట్టి ఆమెకు ఆ పేరు. పెనిమిటి పోయాక ఒక్కతే ఉండలేక, నిర్మల్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి పోదామనుకుంది. చెప్పిన ధర పదిహేను వందలు. బాపు ఇన్నేళ్లూ కూడబెట్టింది కూడా అంతే. అయితే తునికాకు కంట్రాక్టరు ఒకాయన గోదాము కోసం అదే ఇల్లు అడుగుతున్నాడని, శుక్రవారం లోపల ఏదో ఒకటి తేల్చమని మధ్యవర్తి సుర్మా చాచా తొందరపెట్టాడు. (కళ్లకు సుర్మా లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. ఆయన అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.)

మా అవ్వ ఆ ఇల్లు చూడటానికి పోయి ఇల్లు చూడనే లేదు. నేరుగా పెరట్లోకి నడిచి, ఒక బొక్కెన చేది, తీరుబడిగా కాళ్లు కడుక్కుని వచ్చింది. ఆమె మటుకు ఆమెకు ఇల్లు కొనడం అయిపోయింది. నేనే ఊరుకోలేదు. "కాగితం చూడకుంట ఇల్లెట్ల కొంటరు?" అన్నాను. మా పిలగాడు కచేరీలో పనిచేస్తున్నాడన్న మురిపెంతో బాపు కూడా వంత పాడాడు. చాచా పాత దస్తావేజు తెచ్చి నా చేతిలో పెట్టాడు. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయాను. ఇరవై ఏళ్ల కిందట సీతాఫలాల అవ్వ ఎవరి దగ్గరో ఈ ఇల్లు కొన్న ధర అక్కడ రాసి ఉంది. ఏక్ సౌ సోలా రూపయే. కళ్లు నులుముకుని మళ్లీ చదివాను. ఏక్ సౌ సోలానే. అంతకు అప్పట్లో మంచి పాడిగేదెల జత కూడా వచ్చేది కాదని బాపు అన్నాడు.

ధర అంత అగ్గువగా ఉందంటే ఇంట్లో ఏదో లోపం ఉండి తీరాలని నిశ్చయించుకున్నాను. మర్నాడు పోయి గోడలన్నీ పిడికిలితో కొట్టి చూశాను. నేలమీద అక్కడక్కడ ఎగిరి దూకాను. దూలాలకు చెవి ఆనించి చెదల చప్పుడు విన్నాను. (చెదలు చప్పుడు చేస్తాయో లేదో నాకు అప్పటికీ తెలియదు, ఇప్పటికీ తెలియదు.) సీతాఫలాల అవ్వ చాలాసేపు ఓపిక పట్టి, చివరికి, "ఏం పారేసుకున్నవు బిడ్డా?" అని అడిగింది. ఏమీ లేదని బయటపడి మూలమీది పాన్ డబ్బా ఆయన్ని పక్కకు పిలిచి, ఆ ఇంట్లో దయ్యం గియ్యం ఉందా అని ఆరా తీశాను. "ఉంటే ఉండె. పొద్దున నువ్వు దుంకిన దుంకుడుకు పారిపోయుంటది" అన్నాడాయన. లోపం ఏదీ దొరకలేదు గనుక ఇక మిగిలింది ఒక్కటే అనుకున్నాను. ఏక్ సౌ సోలానే అసలు ధర, ముసలామె మమ్మల్ని ముంచుతోంది. ఆ రాసిన రూపాయలు కూడా హాలీ సిక్కాలే కదా, ఏడు హాలీలకు ఆరు కల్దార్ల చొప్పున మారిస్తే తొంభై తొమ్మిదిన్నర కూడా కాలేదు. ఆ లెక్క చేసినప్పుడు నా తెలివికి నాకే ముద్దొచ్చింది.

గురువారం మధ్యాహ్నం అందరం సీతాఫలాల అవ్వ అరుగుమీద కూర్చున్నాం. ఆమె అందరికీ మజ్జిగ ఇచ్చింది. నేను గ్లాసు పక్కన పెట్టి దస్తావేజు విప్పాను. "ఏక్ సౌ సోలాకు కొన్న ఇంటికి పదిహేను వందలడుగుడు ఏం న్యాయం? మేం మూడు వందలిస్తం. అదే ఎక్కువ" అన్నాను. చాచా నుదురు కొట్టుకున్నాడు. "అరె బేటా, జర ఆగు. పక్కిల్లు ఐదువేలకు పోయింది, ఎరికేనా? ఈ అవ్వ పదిహేను వందలే అంటుంది, సంతోషపడు."

"పక్కిల్లు ముచ్చట చెప్పకు చాచా" అని బాపు మొదటిసారి నోరు విప్పాడు. "సడ్డకులు ఇద్దరు, ఒక్కింటి అల్లుండ్లు, అత్తగారి ముందట పంతానికి పోయి ఒగన్ని మించి ఒగడు పెంచుకుంట పోయిండ్రు. అది ఇంటి ధరనా? మీసాల ధర."

చాచా నవ్వి ఒప్పుకున్నాడు. సీతాఫలాల అవ్వ మాత్రం నవ్వలేదు. నా చేతిలోని కాగితాన్నే చూస్తూ, "వద్దు బిడ్డా. కంట్రాక్టరుకే ఇస్త" అంది మెల్లగా. కోపంతో అని ఉంటే నేను ఇంకో నాలుగు మాటలు అనేవాణ్ణే. ఆమె గొంతు వణికింది. మా అవ్వ ముఖం చూశాను, రక్తం ఇంకిపోయినట్టు తెల్లబోయింది. పెరటి బావి ఆమె చేతిలోంచి జారిపోతోంది, జారవిడిచింది నేనే.

అప్పుడు మా అవ్వ నావైపు తిరిగి, "ఏక్ సౌ సోలా అంటె మన లెక్కల ఎంతరా?" అని అడిగింది.

"నూట పదహారు."

ఆ మాట నా నోటినుంచి తెలుగులో బయటికొచ్చిన మరుక్షణం నాకే ఎక్కడో చురుక్కుమంది. పెళ్లిలో, పేరంటంలో, బిడ్డను అత్తింటికి పంపేటప్పుడు పెద్దలు చేతిలో పెట్టే నూట పదహార్లు. నా మెట్రిక్ చదువు ఆ లెక్కను ఉర్దూలో చదివి ధర అనుకుంది. మా అవ్వ లేచి వెళ్లి సీతాఫలాల అవ్వ పక్కన కూర్చుంది. "వదినె, ఒడిబియ్యమా?" అని అడిగింది.

సీతాఫలాల అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా అన్న" అంది. తర్వాత కొంచెం తేరుకుని చెప్పింది. ఆమె పెనిమిటి మంచివాడే గానీ చేతిలో ఏదీ నిలిచేది కాదట. పత్తి బేరంలో ఉన్నదంతా పోగొట్టాడు. బావ పేరన ఇస్తే ఈ ఇల్లు కూడా ఆయన తాకట్టు పెడతాడని, చెల్లె పేరన దానంగా ఇస్తే పాలోళ్లు, అంటే దాయాదులు, తగువు తీస్తారని అన్నకు భయం. ఒక యేడు పుట్టింట్లో ఆమె ఒడిలో పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు పోస్తూ, బియ్యం మీద నూట పదహార్లు పెట్టాడు. "గా పైసలతోటే నాకాడ ఇల్లు కొనుక్కో చెల్లె అన్నడు. నా ఒడిల పెట్టినయే మల్ల ఆయన చేతిల పెట్టిన. ధర గీర నాకేమెరుక? అన్న పోయి నాలుగేండ్లాయె." ఆ దస్తావేజులో అన్న పేరు ఆయన తండ్రి పేరుతో, ఈమె పేరు పెనిమిటి పేరుతో ఉన్నాయి. అన్నాచెల్లెళ్లన్న సంగతి ఏ అక్షరమూ చెప్పలేదు.

బాపు లేచి నిలబడ్డాడు. వెంట తెచ్చిన పైసల సంచి ఆమె ముందర పెట్టి, "అక్కా, మా పోరడు అన్నది మనసుల పెట్టుకోకు. నువ్వు చెప్పిన పదిహేను వందలు. ఇల్లు మాకిచ్చినా ఇయ్యకున్నా, నన్ను తమ్ముడనుకో" అన్నాడు. బాపు ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం నేను పుట్టిన తర్వాత అదే మొదలు. సీతాఫలాల అవ్వ చాలాసేపు సంచి ముట్టలేదు. తర్వాత అందులోంచి నూట పదహారు రూపాయలు లెక్కపెట్టి తీసి, మా అవ్వ ఒడిలో పోసింది. "అన్న పైసలు గీ ఇంట్లనే ఉండాలె. కాగితంల నేను తీసుకున్నంతనే రాయుండ్రి" అంది. అలాగైతే అవి హాలీ సిక్కాలు కదా, తొంభై తొమ్మిదిన్నరే తీయాలి అని నా నోటిదాకా వచ్చింది. అవ్వ చూసిన చూపుకు మజ్జిగతోపాటు మింగేశాను.

ఆ తర్వాత ప్రతి సంవత్సరం సీతాఫలాలు పండే వేళకు అత్తమ్మ (అప్పటినుంచి ఆమె నాకు మేనత్తే) నిర్మల్ నుంచి బస్సు దిగి వచ్చేది. సంచి అరుగుమీద పడేసి, ఎవరినీ అడక్కుండా బొక్కెన చేది కాళ్లు కడుక్కునేది. అవ్వ పక్కన నిలబడి నవ్వుతూ చూసేది. బాపు చీర పెట్టేవాడు. పోయేటప్పుడు ఆమె ఒక్కోసారి గోడను అరచేత్తో తట్టి, "ఏం పారేసుకున్నవు బిడ్డా?" అని నన్ను ఏడిపించేది. ఆమెకు ఆ సరదా తీరలేదు. ముగ్గురూ ఇప్పుడు లేరు.

మొన్న పైన రెండు గదులు వేద్దామని బ్యాంకు అప్పు కోసం కాగితాలు ఇస్తే, ఒక చలాకీ కుర్రవాడు ఇల్లు చూడటానికి వచ్చాడు. బాపు నాటి దస్తావేజు తిరగేసి కనుబొమలు ముడిచాడు. "సార్, గీ ధరేంది గిట్లుంది? పదమూడు వందల ఎనభై నాలుగు. గిట్ల అడ్డదిడ్డంగ ఎవలన్న బేరం చేస్తరా? ఇంట్ల ఏమన్న లొసుగున్నదా?" అని నన్ను అనుమానంగా చూశాడు. జవాబుకోసం ఆగకుండా లేచి, కలం వెనక్కి తిప్పి గోడను అక్కడా ఇక్కడా కొట్టి చూడటం మొదలుపెట్టాడు. నేను పడక కుర్చీలో కూర్చుని చాలాసేపు వాణ్ణే చూశాను. ఎంత తెలివి, ఎంత నమ్మకం. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది. లోపలికి మజ్జిగ తెమ్మని కేకేసి, "ఏం పారేసుకున్నవు బిడ్డా?" అన్నాను.