నివేదికకెక్కని పొయ్యి

బి.కాం. మూడో ఏడు సూరత్‌లోని మా యూనివర్సిటీలో ఒక ప్రాజెక్టు ఉంటుంది. నిజంగా నడుస్తున్న సంస్థ ఒకటి వెతుక్కుని, దాని ఏడాది ఆర్థిక నివేదిక తయారుచేసి, చివర్లో లెక్చరర్ల ముందు కూర్చుని అడిగిందానికి జవాబు చెప్పాలి. కలవారి పేట అడాజన్ నుంచి స్కూటర్ల మీద వచ్చే నా క్లాసు వాళ్లకు దీనికోసం ఇల్లు దాటాల్సిన పని లేదు. ఒకరికి నాన్న చీరల దుకాణం, ఇంకొకరికి మామయ్య వజ్రాల ఆఫీసు. మా నాన్న ఊరవతల జోల్వాలో వేరేవాళ్ల మగ్గాలు నడుపుతాడు. మా ఇంట్లో సంస్థ అనదగ్గది అమ్మ ఒక్కతే. ఆ సంస్థ లెక్కలు ఎవరికీ చూపించదు.

కనుక మా కుల సంఘాన్ని పట్టుకున్నాను. తెలంగాణ నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చినవాళ్లు చందాలు వేసుకుని కట్టుకున్న హాలు ఒకటుంది. పెళ్లిళ్లు, బతుకమ్మ, ఏటా జరిగే సర్వసభ్య సమావేశం అన్నీ అందులోనే. ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు ఎర్ర రంగుతో రాసి ఉంటాయి. స్విచ్ వేస్తే ఒక్క పేరూ కనబడదు. కోశాధికారిని మేం పిల్లలమంతా మామా అంటాం. ఒకప్పుడు నాన్న పక్క మగ్గం ఆయనది, ఇప్పుడు సొంత మగ్గాలున్నాయి. నేను అడగ్గానే పొంగిపోయాడు.

"జర మంచిగ రాయి బిడ్డా. సేఠ్‌లోగుల రిపోర్టు తీర్గ ఉండాలె. ఈసారి మీటింగుల నువ్వే చదువుదువు."

ఇంటికొచ్చి చెబితే అమ్మకు నా చదువు కనబడలేదు, రేకులు కనబడ్డాయి. హాలు వెనక వంట చేసే చోటుకు కప్పు లేదు. వానాకాలంలో నలుగురు ఆడవాళ్లు టార్పాలిన్ నాలుగు కొసలు పట్టుకుని నిలబడితే, మిగతావాళ్లు దానికింద పొగలో కళ్లు తుడుచుకుంటూ వండుతారు. కప్పు వేయించమని వాళ్లు ఏటా అడుగుతారు. కమిటీ ఏటా పాత నివేదిక తీసి చూపిస్తుంది: వంటవాళ్లకని పైసా ఖర్చు లేదు, ఖర్చే లేని పనికి షెడ్డు ఎందుకు?

"ఈపాలి నువ్వే రాస్తున్నవ్ గదా," అంది అమ్మ. "వండేది మేమని రాయి. గప్పుడన్న రేకులు ఏయిస్తరు."

నా అకౌంటెన్సీ మీద నమ్మకం పెట్టుకున్న మొదటి మనిషి ఆమె. నాకే లేదు. ఇంట్లో ఉద్దెర అంటే కొట్టువాడికి మనం పడ్డ బాకీ, గుజరాతీ పాఠంలో ఉధార్ అంటే డెబిట్. మొదటి ఏడంతా ఆ రెంటి మధ్య పడి నలిగాను. తరుగుదల అంటే నాకు ముందు ఉల్లిగడ్డలే గుర్తొస్తాయి. వంటవాళ్లు వెనక మూలన ఉంటారు కనుక వాళ్లనే మూలధనం అంటారనుకున్నా నాకు తగ్గ తెలివే అయ్యేది.

అయినా నివేదిక చివర "వివరణలు" అనే భాగంలో రాశాను: "ఏడాదిలో జరిగిన కార్యక్రమాలన్నింటికీ వంట సభ్యుల ఇళ్లలోని ఆడవాళ్లు జీతం లేకుండా చేశారు. వంట చోటుకు కప్పు లేదు." మూడేళ్లలో నేను రాసిన వాటిల్లో తప్పు లేని వాక్యాలు ఈ రెండే.

మా లెక్చరర్ వాటిమీద అడ్డంగా ఎర్ర గీత గీశాడు.

"యే క్యా హై? డబ్బులో కొలవలేనిది లెక్కల్లోకి రాదు. మొదటి ఏడు మొదటి పాఠం," అన్నాడు హిందీలో.

"వివరణల్లో రాయొచ్చని పుస్తకంలోనే ఉంది సార్."

"అది పెద్ద సంస్థలకు. తీసెయ్, లేకపోతే మార్కులు నేను తీసేస్తా."

కోశాధికారి మామకు చూపిస్తే పక్కనున్న కమిటీ వాళ్లకు వినబడేలా చదివాడు. "ఇదేంది బిడ్డా? అమ్మలక్కలు అన్నం వండుడు గూడ లెక్కనా? రేపు ఇంట్ల రొట్టె జేసినందుకు గూడ బిల్లిస్తరు!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసి ఎరుగని ఇద్దరు మనుషులు, ఒకరు నాలుగు డిగ్రీలవాడు, ఇంకొకరు నాలుగో క్లాసువాడు, ఈ ఒక్క విషయంలో ఎంత కలిసిపోయారు!

అచ్చుకిచ్చే ప్రతిలోంచి ఆ రెండు వాక్యాలు తీసేశాను. తీసేసి, సమావేశంలో వాటిని నోటితో చదివాను. బయట వాన దంచుతోంది. ఇక రేకుల మాట వస్తుందని ఆశపడ్డాను. మామ మైకు అందుకున్నాడు.

"మన అక్కచెల్లెండ్లకు ఒకపారి గట్టిగ చప్పట్లు గొట్టుండ్రి! ఇగ భోజనాలు."

గట్టిగానే కొట్టారు. చప్పట్లకూ ఖర్చు లేదు కదా. అంత కోపం నాకు అంతకుముందు ఎప్పుడూ రాలేదు. మైకు లాక్కుందామని ఒక అడుగు ముందుకేశాను.

వెనక తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది, నెత్తిన తడిసిన కొంగు, చేతిలో గంటె. ముందు నావైపు చూసింది. "చప్పట్లకోసం రాయమన్ననా నిన్ను? రేకులకోసం రాయమన్న." తర్వాత మామవైపు తిరిగింది. "చప్పట్లు అయినయా అన్నా?"

"అయినయ్ చెల్లే. గంజులు లోపలికి తెండ్రి."

"తేము. పిల్లలకు, ముసలోళ్లకు లోపలనే పెడుతం. మీరు పళ్లెం పట్టుకోని అటు రాండ్రి."

"వాన గొడుతున్నదే!"

"మాకు తెల్వదా?"

బగారన్నం వాసన అందర్నీ కదిలించింది. టార్పాలిన్ పొయ్యిలకూ వండేవాళ్లకూ సరిపోయింది, తినేవాళ్లకు మిగల్లేదు. మగవాళ్లంతా బురదలో వరస కట్టారు. పప్పుచారు ఎంత తిన్నా పళ్లెంలో తగ్గడం లేదు. మామ ఒక చేత్తో పళ్లెం, ఇంకో చేత్తో దానిమీద నా నివేదిక పట్టుకున్నాడు. నేను రాసింది ఆ వంట చోట కప్పుగా పనికొచ్చింది అప్పుడొక్కసారే.

"సరే చెల్లే, రేకులు ఏయిద్దాం," అన్నాడు చివరికి.

"ఎన్నడు?"

"దసరాకు."

"బతుకమ్మ ఆటలు షురూ గాకముందుకే. అందరు విన్నరా?"

అందరూ విన్నారు. రేకులు బతుకమ్మకు ముందే వచ్చాయి.

ప్రాజెక్టు పరీక్షనాటికి నివేదికలో ఒక కొత్త వివరణ చేర్చాను: ఏడాది ముగిశాక కమిటీ వంట చోటుకు రేకుల కప్పు వేయించింది. లెక్చరర్ బిల్లు చూసి, దాని పక్కన చక్కగా టిక్కు పెట్టాడు. రేకులకు బిల్లుంది కనుక టిక్కు, ఆడవాళ్లకు లేదు కనుక కొట్టివేత. పక్కన బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు పేజీ తిప్పుతూ అడిగాడు: ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు వేయించారు, కమిటీ నిర్ణయానికి కారణమేమిటి?

"వాళ్ల పళ్లేల్లో వాన పడింది సార్."

ఇద్దరూ విరగబడి నవ్వారు. మార్కులు బాగానే వేశారు. నేను జోకు వేయలేదని చెప్పడానికి నోరు తెరిచేలోపే తర్వాతి రోల్ నంబరు పిలిచారు.