కల్లంలోని ఎరుపు

వెంకటేశ్వరమ్మ ఇంటికి కెమెరా పురుగుమందుల కొట్టునుండి వచ్చింది.

పత్తికి పచ్చపురుగు పట్టి, మందు మీద మందు కొట్టి, చేలన్నీ కంపెత్తిపోయిన కాలమది. చిలకలూరిపేటలో మందులమ్మే ఆసామి ఒకడు డబ్బాకొక చీటీ ఇచ్చి, ఏడాది చివర లాటరీ తీశాడు. మొదటి బహుమతి మోటారుసైకిలు. తాను కొన్న డబ్బాలను బట్టి అది తనకు రావడమే న్యాయమని నమ్మిన ఆమె భర్త చెంచయ్య, దానిని నిలుపుకోవడానికి వసారాలో చోటు కూడా చూచిపెట్టుకొన్నాడు. తీరా అతని చీటీకి తగిలింది కెమెరా. అరచేతిలో ఇమిడే నల్లని పెట్టె. ముందొక గాజుకన్ను, పైనొక మీట, ప్రక్కన వ్రేలితో త్రిప్పే చక్రం.

"ఏం చేసుకోమని ఇది? నాలిక గీసుకోవడానికా?" అని భార్య ముందు పడవేశాడు.

"నువ్వేం చేసుకుంటావులే గాని, ఇటియ్యవయ్యా," అని వెంకటేశ్వరమ్మ దానిని కొంగుతో తుడిచి చేతిలోనికి తీసుకొన్నది.

ఆమెకప్పటికి నలభై దాటాయి. చదివింది అయిదో తరగతి. పిల్లలు లేరు, మరిది కూతురు అఖిలనే కూతురుగా చూచుకొనేది. తెల్లవారకముందే లేచి, ప్రొద్దు క్రుంకేదాకా చేలో ఉండే మనిషి. అటువంటి మనిషికి కెమెరాతో పనేమిటని ఊరు నవ్వింది. పనేమిటో ఆమెకు మాత్రం ఆ క్షణమే తెలిసిపోయింది.

మిరపకాయ కోతలైన తరువాత కల్లంలో ఆరబోసినప్పుడు, ప్రొద్దుటి ఎండ వాలుగా పడే వేళ, ఆ నేల అంతటా ఒక ఎరుపు లేస్తుంది. నిప్పుకు లేదు ఆ ఎరుపు, కుంకుమకు లేదు. ఏడాదంతా నడుము వంచినదానికి కన్నులకు దక్కేది ఆ నాలుగు రోజులే. తరువాత కాయ బస్తాలకెక్కి, బస్తాలు గుంటూరు యార్డుకు పోయి, కల్లం మళ్లీ మట్టినేల అయిపోతుంది. ఆ ఎరుపును ఒక్క కాగితం మీదనైనా నిలుపుకోవాలని ఆమె కోరిక.

చెంచయ్య మొదటే అడ్డు తగిలాడు. "పంట కల్లంలో ఉండగా ఫోటో ఏంటే? దిష్టి తగులుద్ది!"

"రోడ్డున పోయేవాళ్ల కళ్లన్నీ దాని మీదే కదయ్యా! వాళ్లవి తగల్లేదు గాని, ఈ గాజుకన్ను ఒక్కటే తగులుద్దా?"

చెంచయ్య ఊరుకోక, గుప్పెడు ఉప్పు, ఆ రాశిలోనివే నాలుగు కాయలు పట్టుకొని, కల్లం చుట్టూ తిరిగి దిగదుడిచి నిప్పులో వేశాడు. మిరపకాయలకు మిరపకాయలతోనే దిష్టి తీయడం చూచి కూలిజనమంతా నవ్వారు. నాటినుండి అది ఏటేటా తప్పని తంతు అయింది.

పేటలో బస్టాండు వెనుక సందులో గౌస్ బాషా స్టూడియో ఉన్నది. రీలు ఎక్కించేది, దింపేది, గుంటూరు లాబుకు పంపి కడిగించేది అన్నీ బాషాయే. "అక్కా, ఏది నొక్కినా పర్లేదు గాని వెనకమూత మాత్రం తియ్యొద్దు," అని ఆమెకు మొదటి పాఠం చెప్పినవాడూ అతడే. వారం తరువాత ఆమె మొదటి రీలు తాలూకు ఫోటోలను బల్ల మీద పరచి, అతడు నవ్వాపుకోలేకపోయాడు.

"తలల్లేని మనుషులు, కాళ్లు లేని మంచాలు! ఇందులో మా బావగారెవరక్కా?"

"పంచె చూసి పోల్చుకోవయ్యా."

తాను తీసిన తప్పులకు తానే నవ్వుకొన్న వెంకటేశ్వరమ్మ, కల్లం ఫోటో చేతికి రాగానే నవ్వు మానింది. అందులో ఎరుపు లేదు. వానకు నానిన పాత ఇటుకరంగు ఉన్నది.

"మేలైన కాయను రంగు చచ్చిన తాలుకాయ చేసి పంపాడేంటయ్యా మీ గుంటూరోడు?"

బాషా తలగోక్కున్నాడు. "ఆళ్ల తప్పు కాదక్కా. అక్కడంతా మిషన్ చూసుకుంటది. ఫోటో అంతా ఒకే రంగుంటే, ఇదేదో తప్పొచ్చిందనుకొని దానంతటదే ఆ రంగు తగ్గించేస్తది."

"నా కల్లం తప్పని చెప్పడానికి అదెవరు?"

 ఆమె ఆనాడే నిశ్చయించుకొన్నది: ఆ ఎరుపు కాగితం మీదికి వచ్చేదాకా తాను ఈ కెమెరాను దింపదు.

అంత నిశ్చయమూ మరుసటి వేసవిలో ఒక్కపూటకు తలక్రిందులయ్యేంత పని జరిగింది.

అఖిలకు ఓణీలు ఇస్తున్నారు. పేటనుండి రావలసిన ఫోటోగ్రాఫరు మరెక్కడో పెళ్లికి చిక్కుకొని రాలేదు. పందిరి నిండా జనం. అఖిల తల్లి నాగజ్యోతి పరుగున వచ్చి, "అక్కా, నువ్వున్నావుగా! కెమెరా పట్రా," అన్నది. తోడికోడలు అంత ఆదరంగా అడిగేసరికి వెంకటేశ్వరమ్మ మనస్సు పొంగింది. తలలు తెగకుండా, వ్రేలు అడ్డురాకుండా, ఊపిరి బిగబట్టి తీసింది. అక్షింతలు, హారతి, మేనత్తల ముచ్చట్లు, ఓణీలో సిగ్గుపడే పిల్ల, అన్నీ. నడుమ చక్రం తిరగక బిగుసుకొన్నది. రీలు అయిపోయిందని ఆమెకు తోచలేదు. ఏదో అడ్డుపడ్డదనుకొన్నది. పీటల మీద పిల్ల ఎదురుచూస్తున్నది. వెనుకనుండి "కానీండమ్మా" అని కేకలు. ఎసరు మరిగిందో లేదో గిన్నె మూత తీసి చూచినంత సహజంగా, ఆమె ఆ పట్టపగటి వెలుతురులో కెమెరా వెనుకమూత తీసింది.

వారం తరువాత బాషా నల్లబడిపోయిన నెగెటివును ఎత్తి చూపాడు. వెలుగు తగిలి అంతా మాడిపోయింది.

నాగజ్యోతి ఊరుకోలేదు. "ఊరంతా తిని పోయారు. నా పిల్లది ఒక్క ఫోటో లేదు! మళ్లీ ఇప్పించనా ఓణీలు? రాని పని రాదని ముందే చెప్పొచ్చుగా అక్కా!"

ఆ చివరిమాట ములుకై దిగింది. తిట్టిపోసినా ఇంత బాధ ఉండేది కాదు. అది నిజం కావడమే బాధ. చెంచయ్య ఆ సాయంత్రమే కెమెరాను పాతగుడ్డలో చుట్టి అటక మీద పడవేశాడు. ఆమె అడ్డు చెప్పలేదు. చేలో పత్తికట్టె పీకుతున్నంతసేపూ ఆ మాటే నమిలింది. రాదు, నిజమే. తనకు రాదు. పేటలో పెళ్లిళ్లు తీసేవారికి వచ్చు. మరి రాని పనిని ఎదుటివారి ముచ్చటకు అడ్డుపెట్టడం తప్పు గాని, రాని పనిని తన మటుకు తాను చేసుకొనడం తప్పెట్లా అవుతుంది?

మూడవనాడు నిచ్చెన వేసి కెమెరాను దింపింది.

"మళ్లీ దించావూ? ఊరంతా నవ్వుతుంటే సిగ్గన్నా లేదటే నీకు!" అన్నాడు చెంచయ్య.

"నవ్వనీ. పేకాటలో నువ్వేనాడన్నా గెలిచొచ్చావా?"

"దానికీ దీనికీ ఏంటి?"

"గెలవలేదని పోవడం మానేశావా?"

చెంచయ్య కండువా దులుపుకొని బయటికి నడిచాడు. ఎటు నడిచాడో వేరే చెప్పనక్కరలేదు.

అప్పటినుండి ఎవరు అడిగినా ఆమెది ఒకే మాట: "నాకు రాదమ్మా. మీ ముచ్చట్లకి పేటనుంచి పిలిపించుకోండి." తన కోసం మాత్రం తీసుకొన్నది. ఏడాదికొక రీలు; ఎప్పుడైనా చేతికి వీలైతే రెండు. తొడిమలు తీస్తూ ఘాటుకు కొంగు ముక్కున పెట్టుకొన్న ఆడవారు, మంచు పట్టిన పత్తికాయ, నీళ్ల తొట్టిలో మూతిపెట్టిన ఎద్దు. వాటిలో సగం మసక, పావువంతు వంకర. అయినా ఆ చిన్న కిటికీలోనికి కన్ను పెట్టినంతసేపూ ధరవరలు, తెగుళ్లు, తోడికోడలి ముభావం ఏవీ చెవిని సోకేవి కావు. ఎండ ఏ వైపునుండి వస్తున్నది, నీడ ఎటు సాగుతున్నది అన్నవే ఆ కాసేపూ ఆమెకు ప్రపంచం. ఫోటో చెడిపోవచ్చు గాని చూచిన చూపు చెడిపోయేది కాదు. ఇన్నేళ్లుగా తొక్కుతున్న నేలనే ఆమె ఇప్పుడు క్రొత్తగా చూస్తున్నది.

ఎరుపు మాత్రం లొంగలేదు. ఒక ఏడు ప్రొద్దున తీసింది, మరొక ఏడు సందెవేళ. మబ్బు పట్టినప్పుడు తీసింది. గడ్డివామి ఎక్కి పైనుండి తీసింది. ప్రతిసారీ గుంటూరునుండి ఇటుకరంగే తిరిగివచ్చింది.

"ఒదిలెయ్యక్కా," అన్నాడు బాషా ఒకనాడు. "ఇంకెన్నాళ్లు తీస్తావు?"

"దానికి బుద్ధొచ్చిందాకా."

ఇట్లుండగా 2003వ సంవత్సరం వచ్చింది. మిరపకు వరుసగా ముడత పట్టి, కూలీలు దొరకక విసిగిపోయిన చెంచయ్య, రాబోయే ఏటినుండి ఆ చేలో సుబాబుల్ వేయదలచినట్లు చెప్పాడు. కాగితపు మిల్లులకు పోయే కలప. నాటి వదిలివేస్తే చాలు. ఆ లెక్క తప్పని ఆమె అనలేకపోయింది. తానూ అలసిపోయింది. కాని ఇది కడపటి కల్లం. వచ్చే ఏటికి అక్కడ ఎరుపుండదు. వస్తే ఇప్పుడే రావాలి.

ఆ ఏడు రీలంతా కల్లానికే ఖర్చుపెట్టింది. ఆరబోసిన నాటినుండి రోజుకు కొన్ని తీస్తూ, చివరిదొకటి అట్టిపెట్టుకొన్నది. మరునాడు కాయ బస్తాలకెత్తుతారనగా, ఆ ప్రొద్దున చెప్పులు బయట విడిచి కల్లంలో అడుగుపెట్టింది. ఎండ వాలుగా వచ్చింది. కాయ మీద తేమ ఆరి నిగనిగలాడుతున్నది. అంతకు మించిన ఎరుపును ఆమె ఏ ఏడూ చూడలేదు. ఒక మూల మోకాలు మోపి, కన్ను కిటికీకి ఆనించింది.

"ఆగాగు! దిష్టి తియ్యకుండానే?" అని చెంచయ్య కేకవేశాడు. అతడు అప్పుడే గోతాల బండి తోలుకొనివచ్చి, ఎద్దులను విప్పుతున్నాడు. ఒంగోలు జాతి తెల్లని జత. ఇంట మిగిలిన జత అదొక్కటే. ఒకదానిని బండికి కట్టాడు. రెండవదాని పలుపు చంకన ఇరికించుకొనే, ఉప్పూ కాయలూ దిగదుడిచి నిప్పులో వేశాడు.

కాయ మంచి ఘాటైనది. పొగ గుప్పున లేచింది. చెంచయ్య ఉక్కిరిబిక్కిరై దగ్గుతూ రెండు చేతులూ ఎత్తాడు, పలుపు జారింది. ఎద్దు ముక్కులెగరేసి, ఒక్క ఉరుకున కల్లానికి అడ్డంపడ్డది. అదే క్షణాన వెంకటేశ్వరమ్మకూ దగ్గు వచ్చింది. వ్రేలు మీట మీద పడింది. టక్కుమన్నది.

రీలు అయిపోయింది.

"ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టేనే!" అన్నాడు చెంచయ్య కన్నీళ్లు తుడుచుకొంటూ.

 వెంకటేశ్వరమ్మ ఎద్దును అదలించి ప్రక్కకు తోలి, చెదరిన కాయను చేతులతో సరిచేస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నది.

వారం తరువాత పేటకు వెళ్లింది, ఫోటోలు తీసుకొని ఇక చాలుననుకొనే. బాషా ఆమెను చూడగానే ఒక్క ఫోటోను బల్ల మీద పెట్టాడు. ఎడమ సగమంతా ఎద్దు పిరుదు, గాలిలో లేచిన తోక. తల ఎక్కడో కాగితం బయట. చిత్రం కొద్దిగా ఒరిగింది కూడా. కాని ఆ తెల్లని ఒంటి ప్రక్కన, కుడి సగం నిండా ఎరుపు. ఇటుక కాదు, తాలు కాదు. కల్లం. ఆ ప్రొద్దుటి కల్లం.

ఆమె ఫోటోను కన్నుల దగ్గరికి ఎత్తుకొన్నది.

"ఎద్దడ్డొచ్చి పాడైందనుకున్నానక్కా," అన్నాడు బాషా. "అది కోసేసి కాయల మటుకు పెద్దది చేయమని మళ్లీ లాబుకి పంపా. ఏమొచ్చిందో చూడు." రెండవ ఫోటో తీశాడు. ఎద్దు లేదు. ఎరుపూ లేదు. మళ్లీ అదే పాత ఇటుకరంగు. "తెలుపు పక్కనుంటే గాని ఆ మిషన్ ఎరుపుని నమ్మట్లేదు. ఎద్దుని తీసేస్తే నీ కల్లం పోతంది!"

వెంకటేశ్వరమ్మ పగలబడి నవ్వింది. సందులో పోయేవారు ఆగి చూచేంతగా నవ్వింది.

"అయితే ఎద్దుతోనే ఫ్రేము కట్టు."

"పిర్రతోనా అక్కా?"

"తోకతో సహా."

ఆ ఫ్రేము వసారాలో, ఒకప్పుడు మోటారుసైకిలుకు అనుకొన్న చోటికి ఎగువన, గోడకెక్కింది. చూడవచ్చిన వారందరూ నవ్వి పోయారు. నాలుగేళ్లుగా ముక్తసరిగా మాట్లాడే నాగజ్యోతి కూడా అఖిలను వెంటబెట్టుకొని వచ్చింది. నోటికి కొంగు అడ్డుపెట్టుకొని, "ఇదేం ఫోటో అక్కా, గోడెక్కించడానికి!" అన్నది.

"రాని పని రాదని చెప్పే తీశానమ్మా ఈసారి," అన్నది వెంకటేశ్వరమ్మ.

నాగజ్యోతి నవ్వు ఆగింది. ఒక్క నిమిషం తోడికోడలి ముఖం చూచి, మళ్లీ ఫోటో వైపు తిరిగి, నెమ్మదిగా అన్నది: "కాయ మాత్రం కాయలాగే ఉంది."

తొలకరికి చేలో సుబాబుల్ నాటారు. జానెడు మొక్కలు వరుసలు తీరి లేచిన ప్రొద్దున, వెంకటేశ్వరమ్మ కెమెరా చేతబట్టి గట్టు మీదికి నడుస్తుంటే, చెంచయ్య అరుగు మీదనుండే అడిగాడు.

"ఎరుపొచ్చిందిగా! ఇంకా దేనికే అది?"

"ఇప్పుడు చేనంతా పచ్చేగా," అన్నది ఆమె వెనుదిరగకుండానే. "దీనికి ఆ గుంటూరు మిషనేం తప్పు పడతదో చూద్దాం."