పున్నమికి ఒక రోజు ముందు

ఎడపల్లిలో మా పక్కింటి అవ్వ వాళ్లు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు. అవ్వ ఏ పనికైనా ముందు "ఇవాళ తిథేమిటమ్మాయ్?" అని అడిగేది. నాకు విసుగొచ్చేది.

తొంభైల్లో ఒకసారి ఊరివాళ్లం బస్సు మాట్లాడుకుని బాపట్ల సముద్రానికి వెళ్లాం. అందరం నీళ్లలోకి ఉరికాం. ఎన్నో ఏళ్లకు సముద్రం చూస్తున్న అవ్వ మాత్రం ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. అల దగ్గరికొస్తే గబగబా వెనక్కి జరిగేది.

"దిగు అవ్వా, అందరు దిగిండ్రు!"

"పున్నమి రేపు. పున్నమికీ అమావాస్యకీ తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదు. మా రోజుల్లో పుణ్యస్నానానికో, అస్థికలు కలపడానికో వచ్చేవాళ్లం. మీరెందుకు వచ్చినట్టు?"

"ఉత్తగనే, ఆడుకోనీకి."

ఆమె నన్ను వింతగా చూసి మళ్లీ నడక మొదలుపెట్టింది. సాయంత్రం బస్సెక్కేటప్పుడు కూడా ఆమె కాళ్లు పొడిగానే ఉన్నాయి. మనసొప్పక ఒక సీసాలో సముద్రపు నీళ్లు పట్టి ఇచ్చాను. దారంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని, "తెల్లారిందా?" అని అడుగుతూనే ఉంది.

తెల్లారి ఎడపల్లిలో దిగీ దిగగానే, వాకిట్లో తూర్పుకు తిరిగి ఆ నీళ్లు నెత్తిన పోసుకుంది. మిగిలిన గుక్కెడు నా తల మీద ఒంపింది.

"నిన్న నేను మునిగిన కదా అవ్వా!"

"నిన్న తడిశావంతే. స్నానం ఇవాళ."