ఆగ్నేయ మూలలో కరెంటు డబ్బా, నా కుడిచెయ్యి

ఆ రోజు పొద్దున మిక్సీ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. తడిచేత్తోనే వెళ్లి, గోడకున్న కరెంటు డబ్బాలో పడిపోయిన స్విచ్ పైకి లేపబోయాను. రేకు డబ్బా నా కుడిచేతిని పట్టేసుకుంది. నేలమీద పడ్డాక గానీ ఏమైందో తెలియలేదు.

బొటనవేలు, చూపుడువేలు కొసలు తెల్లగా కాలాయి. నొప్పి లేదు కదా అని ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉన్నారు. మా అత్తమ్మ టూత్‌పేస్టు పూసింది. మధ్యాహ్నం గుండెదడ మొదలయ్యాక గానీ జనగామ దవాఖానకు తీసుకుపోలేదు.

ఈసీజీ తీసి, ఒక రోజు అబ్జర్వేషన్‌లో పెట్టారు. గుండెకు ఏమీ కాలేదు. చెయ్యి సంగతి అడిగితే డాక్టరమ్మ, "బయట గాయం చిన్నదేనమ్మా. లోపల నర్వ్ ఎంత దెబ్బతిన్నదో ఇప్పుడే చెప్పలేం" అన్నది. నేను జాకెట్లు కుట్టి బతికేదాన్ని. కత్తెర పట్టని చెయ్యి నాకెందుకు? భయంతో అన్నం ముట్టలేదు.

టూత్‌పేస్టు పుణ్యమా అని గాయానికి చీము పట్టింది. మళ్లీ డ్రెస్సింగులు, యాంటీబయాటిక్స్. తర్వాత నరాలు ఎంత పనిచేస్తున్నాయో చూసే నర్వ్ కండక్షన్ టెస్టు, ఆపైన నెలల తరబడి ఫిజియోథెరపీ.

ఇంతలో ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి డబ్బా విప్పాడు. గోడకు అవతల బాత్రూం, గోడంతా చెమ్మ. డబ్బాకు ఎర్తింగ్ లేదు. షాక్ కొడితే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. "గిది ఎవరు తీసిండ్రు?" అని అతను అడిగితే అప్పుడు బయటపడింది. వానాకాలమంతా ఊకె పడిపోతున్నదని మా ఆయనే తీయించాడట! చెమ్మకే పడుతున్నదేమోనన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

డబ్బాను హాల్లోకి మార్చమంటే కొత్త పంచాయితీ. కరెంటంటే అగ్ని, అది ఆగ్నేయ మూలనే ఉండాలని వాస్తు చూసినాయన చెప్పాడని మా ఆయన మొండికేశాడు. నాకు ఒళ్లు మండింది.

"నీకు మూల కావాల్నా, నేను కావాల్నా, జర చెప్పు" అని దేవరుప్పులలో మా అక్క ఇంటికి పోయి కూర్చున్నాను. పది రోజులకు డబ్బా మారింది. పొడిగోడ, ఎర్తింగ్, కొత్త ఆర్‌సీసీబీ అన్నీ చూసుకున్నాకే గడప తొక్కాను.

ఏడాదయింది. కత్తెర పట్టగలుగుతున్నాను. వేళ్ల కొసలకు మాత్రం స్పర్శ పూర్తిగా రాలేదు, ఇక రాదన్నారు.

నేను చెప్పేది ఒక్కటే. ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడుతుంటే దాన్ని తీయించకండి, ఎందుకు పడుతున్నదో వెతికించండి. ఆ ఒక్క పని చేయించనందుకు మా ఆయన ఇప్పుడు రోజూ పొద్దున్నే కూర్చుని నా సూదుల్లో దారం ఎక్కిస్తున్నాడు.