అయ్యగారి ఆటో

జోజప్పగారికి రెండు కొలువులు. ఆదివారం తెల్లటి అంగీ వేసుకుని తిరువూరు శివార్లలోని చర్చిలో వాక్యం చెబుతారు. మిగతా ఆరు రోజులూ ఖాకీ చొక్కా తొడుక్కుని తిరువూరు, విస్సన్నపేటల మధ్య షేరాటో నడుపుతారు. పాస్టరు కాకముందు ఆయన బతుకుతెరువు ఆటోయే. అయ్యాక మానేస్తారని అందరూ అనుకున్నారు. పద్నాలుగేళ్లు గడిచినా మానలేదు.

ఈలోపు రేకుల చర్చి స్లాబు చర్చి అయింది. ఉద్యోగస్తులు చేరారు. వాళ్లకి ఆ ఆటో తలవంపుగా తయారైంది. పక్క సంఘం పాస్టరుగారు తెల్ల కారులో వస్తారు. కారు అద్దం మీద పేరు, పేరుకి ముందు రెవరెండు, దాని పక్కన డాక్టరు. తలుపు తీయడానికి ఒకడు, బైబిలు మోయడానికి ఇంకొకడు. మన అయ్యగారేమో సభ దగ్గర ప్రయాణికుల్ని దింపి, చిల్లర ఇచ్చి, అప్పుడు వేదిక ఎక్కుతారు. "మీ అయ్యగారి ఆటో ఖాళీయేనా? మమ్మల్నీ కాస్త దింపమనండి" అని ఆ సంఘం ఆడవాళ్లు నవ్వితే ప్రేమావతి టీచరుకి ఒళ్లు మండిపోయింది.

ప్రేమావతి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. సంఘానికి కార్యదర్శి. ఆమె పట్టుబడితే కమిటీలో ఎదురు చెప్పేవాళ్లు లేరు. కారు కొనిస్తాం, జీతం పెంచుతాం, ఆటో అమ్మేయండి, లేదంటే వేరే అయ్యగారిని చూసుకుంటాం అని తీర్మానం చేయించి, ఉత్తరం తనే రాసింది. పనిలో పనిగా ఇంకో ఫిర్యాదూ చేర్చింది. ఆదివారం ప్రార్థనలో అయ్యగారు సంఘంలో లేనివాళ్ల పేర్లు, ఎవరికీ తెలియని పేర్లు చదువుతూ పావుగంట సాగదీస్తున్నారని.

సోమవారం పొద్దున ఆ ఉత్తరం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఆమె ఆటో ఎక్కింది. ఆయన ఆటో ఎక్కడం అదే మొదటిసారి.

"ఏంటి టీచరుగారూ, ఇలా వచ్చారు?" అన్నారు జోజప్పగారు.

"మీతో మాట్లాడాలండి. విస్సన్నపేటలో దిగాక చెప్తాను."

దారిలో ఒక పెద్ద రైతు చెయ్యెత్తి ఆపాడు. తెల్ల పంచె, చేతికర్ర. "ఏరా, ఎంతసేపు నిలబడాలిరా నీకోసం?" అని కేకలేస్తూ ఎక్కాడు. "తప్పైపోయిందండీ" అన్నారు జోజప్పగారు. ప్రేమావతికి చెవులు భగ్గుమన్నాయి. ఆయనెవరో తెలిసే మాట్లాడుతున్నారా అని అడగబోయింది. అద్దంలోంచి జోజప్పగారు వద్దన్నట్టు తలూపారు.

డ్రైవరు వెనకే కూర్చున్న ఒక పెద్దావిడ ముందుకి వంగింది. నుదుట పెద్ద బొట్టు, ఒళ్లో పూల బుట్ట.

"ఏం నాయనా, మా గురుచరణ్ సంగతి మీ దేవుడికి చెప్పావా?"

"నిన్న కూడా చెప్పానమ్మా."

"మా దేవుడికి నేను చెప్పుకుంటూనే ఉన్నాలే. పొద్దున మనవడు లేచి కూర్చుని గంజి తాగాడయ్యా! ఈ శ్యామలాంబ మాట మాత్రం మర్చిపోకు, ఇంకో రెండు వారాలు చెప్పు."

గురుచరణ్. శ్యామలాంబ. ప్రేమావతి ఉలిక్కిపడింది. ఆ రెండు పేర్లకీ తను ఎన్ని ఆదివారాలు ఆమెన్ అందో!

మామిడితోట దగ్గర రైతు దిగాలి. జోజప్పగారు ఇంజను ఆపి, తను ముందు దిగి, ఆ పెద్దమనిషి మోచెయ్యి పట్టి నెమ్మదిగా దింపారు. "సరిగ్గా పట్టుకోరా!" అని మళ్లీ కసిరాడాయన. గేటు దగ్గర నిలబడ్డ పాలేరు, "వీరరాఘవయ్యగారూ, కర్ర ఇటివ్వండి" అంటూ ఎదురొచ్చాడు.

ప్రేమావతి చప్పున గేటు వైపు తిరిగి చూసింది. వీరరాఘవయ్యగారి మోకాళ్ల నొప్పి తగ్గించు తండ్రీ అని నిన్న చర్చిలో అయ్యగారు కళ్లు మూసుకుని వేడుకోవడం ఆమె చెవులారా విన్నది. ఏరా అనిపించుకుని, ఆ నోటికి మేలు కోరి, పైకి ఒక్క ముక్క చెప్పని మనిషి! ఇంతకాలం ఈయనకా తను మర్యాద నేర్పాలనుకుంది? బడిలో, గుడిలో, ఇంత వయసులో, ఇంత పెద్ద మనిషిని ఆమె చూడలేదు.

విస్సన్నపేట బస్టాండులో అందరూ దిగారు. తిరువూరు వెళ్లేవాళ్లు కొందరు ఎక్కి కూర్చున్నారు. జోజప్పగారు చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చారు.

"ఉత్తరం తెచ్చారటగా టీచరుగారూ. కమిటీలో వాళ్లు చెప్పారు. ఇవ్వండి. సంఘానికి నేను తలవంపు కాకూడదు. వేదిక దిగిపోతాను."

"ఆటో అమ్మరా అండీ?"

"వాక్యం నాకంటే బాగా చెప్పేవాళ్లు దొరుకుతారమ్మా. ఈ ఆటో ఎక్కేవాళ్లు ఎవరి చర్చికీ రారు. కొత్త అయ్యగారికి మాత్రం వీళ్ల పేర్లు నన్ను రాసివ్వనివ్వండి. అంతే."

ప్రేమావతి హ్యాండ్‌బ్యాగు గట్టిగా పట్టుకుంది.

"ఉత్తరం నేనింకా రాయలేదండి అయ్యగారూ," అంది. ముప్పై నాలుగేళ్లు పిల్లల చేత అబద్ధం ఆడకూడదని రాయించిన మనిషి. "కమిటీకి నేను చెప్పుకుంటాను. మీరు బండి తీయండి."

"ఇంకా ఇద్దరు రావాలమ్మా."

ఆమె ఆటో పక్కకొచ్చి నిలబడింది. గంజి పెట్టిన చీర కొంగు నడుముకి బిగించింది. ప్రార్థన గంటలో నాలుగొందల మంది పిల్లల్ని ఒక్క మాటతో నిలబెట్టిన గొంతు అది. బస్టాండంతా తిరిగి చూసింది.

"తిరువూరు! తిరువూరు! ఇద్దరికి ఖాళీ ఉంది, రండి!"