అవసరం లేని అప్పు

మొన్న ఆదివారం చేపల కొట్టు దగ్గర చిల్లర తీసుకుంటే, చేతిలోకి తడిసిన పది రూపాయల నోటు ఒకటి వచ్చింది. మెత్తబడిపోయి, మూలన ఒక పొలుసు అంటుకుని ఉంది. పర్సులో పెట్టబోతూ దాన్ని ముక్కు దగ్గరికి తీసుకెళ్లాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుందురు. ఆ నీచు వాసన తగలగానే నాకు ముందు దుఃఖం రాలేదు, కుళ్ళు వచ్చింది. నూకాలప్ప పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆవిడ గుర్తొచ్చిన ప్రతిసారీ నాలో ముందు లేచేది ఆ పాత ఓర్వలేనితనమే. కన్నీళ్లు ఆ తర్వాత తీరిగ్గా వస్తాయి. ఆవిడెవరో మీకు తెలియదు కాబట్టి మొదటినుంచీ చెప్పుకొస్తాను.

తొంభైల మొదట్లో మా ఆయనకి విశాఖపట్నం పోర్టులో ఒక కాంట్రాక్టరు కింద వెల్డింగు పని దొరికితే, తణుకు దగ్గర మా ఊరు వదిలి వచ్చేశాం. ఫిషింగ్ హార్బరు వెనక వీధిలో వరసగా రేకుల గదులుండేవి. వాటిలో ఒకటి మాది, పక్కది నూకాలుది. ఆవిడ మొగుడు వేరేవాళ్ల బోటు మీద వేటకెళ్లేవాడు, ఆవిడ గంపలో చేపలు పెట్టుకుని వీధులమ్మట తిరిగి అమ్మేది. ఇక్కడివాళ్లు అక్కని అప్ప అంటారు. వీధంతా ఆవిడని నూకాలప్ప అనేది కాబట్టి నేనూ అలాగే పిలిచాను. మా ఆయన జీతం ఒక నెల వచ్చేది, ఒక నెల కాంట్రాక్టరు మొహం చాటేసేవాడు. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. మా పుట్టింట్లో అప్పు అనే మాట గట్టిగా పలకడానికే సిగ్గుపడేవాళ్లం. డబ్బులుంటే సరుకులు తెచ్చుకోవడం, లేకపోతే గంజి తాగి పడుకోవడం. చేబదులు కూడా ఎరగని మనిషినని నాకు మహా గర్వం. ఒంటి మీద బంగారం లేని లోటు ఆ గర్వంతోనే తీర్చుకునేదాన్ని.

ఆ గర్వానికి మొదటి దెబ్బ మా వీధి చివర కిరాణా కొట్టులో తగిలింది. వారం రోజులుగా తుఫాను వాన, లారీలు రాలేదు, కొట్టులో బియ్యం అడుగంటాయి. నేను డబ్బులు చేత్తో పట్టుకుని వెళ్లాను. కొట్టాయన తల కూడా ఎత్తకుండా, బియ్యం అయిపోయాయమ్మా, రేపు చూద్దాం అన్నాడు. నేనింకా మెట్టు దిగకముందే నూకాలప్ప గొడుగైనా లేకుండా తడుస్తూ వచ్చింది. ఆయన స్టూలు మీంచి లేచి, లోపల్నుంచి బియ్యం సంచి తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. పైసా తీసుకోలేదు. ఖాతాలో రాసుకుంటానన్నాడు. నా డబ్బుకి లేని విలువ ఆవిడ అరువుకుందా అని నాకు కళ్లల్లో నిప్పులు పోసినట్టయింది. దారిలో ఆవిడ తన సంచిలోంచి సగం బియ్యం నాకిస్తానంది. వద్దన్నాను. ఆ రాత్రి మా ఇంట్లో గంజి కూడా లేదు.

అసలు ఈవిడలో ఏముందో చూద్దామని, చవగ్గా చేపలు తెచ్చుకునే నెపం పెట్టి ఒక రోజు తెల్లారేసరికి ఆవిడ వెనకాలే హార్బరుకి వెళ్లాను. బోట్లు వచ్చి ఆగుతున్నాయి. కానాగంతలు, వంజరాలు కుప్పలు పోసి వేలం పాట పెడుతున్నారు. ఆడవాళ్లంతా చుట్టూ మూగి కేకలేస్తున్నారు. అక్కడ ఎవరి చేతిలోనూ డబ్బుల్లేవు. పాట పాడినవాళ్లు సరుకు గంపకెత్తుకుని వెళ్లిపోవడమే. అమ్ముకుని సాయంత్రానికి తెచ్చి కట్టాలి. కట్టలేకపోతే ఎవరూ తిట్టరు, కొట్టరు. మర్నాడు వాళ్ల పాట ఎవరికీ వినపడదు, అంతే. ఒకావిడ నా కళ్లముందే గొంతు చించుకుని అరుస్తోంది, పాట పెట్టేవాడు ఆవిడ వైపు చూడనేలేదు. నూకాలప్ప మాత్రం ఊరికే గడ్డం ఎత్తితే చాలు, కుప్ప ఆవిడది అయిపోయింది. చేపలు అమ్ముడుపోక కుళ్లిపోయిన రోజున కూడా ఆవిడ ఎవరి దగ్గరో చేబదులు తీసుకుని సాయంత్రానికి కట్టేసేదని తర్వాత తెలిసింది. అది నాకు మెచ్చుకోదగ్గ సంగతిలా కనబడలేదు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పా అని ముక్కు మీద వేలేసుకున్నాను.

ఇంకా విడ్డూరం ఏమిటంటే, ఆవిడ అవసరం లేకపోయినా అప్పు చేసేది. వాయిదాల మీద చీరలమ్మే ఆయన దగ్గర, చీటీలు నడిపే ఆవిడ దగ్గర కాస్త కాస్త తీసుకునేది. తీసుకున్నది బియ్యం డబ్బాలో పడేసి ముట్టుకునేది కాదు. గడువు ఇంకా ఉండగానే అదే డబ్బుకి వడ్డీ చేర్చి తీసుకెళ్లి ఇచ్చేసేది. ఆ వడ్డీతో పిల్లకి పలకా బలపం వస్తాయి కదా, ఎందుకీ దండగ అని ఉండబట్టలేక అడిగాను. ఆవిడ అప్పుడు గుమ్మంలో కూర్చుని కూతురు గౌరికి తల దువ్వుతోంది.

"ఇల్లు కాలిపోతన్నప్పుడు ఎల్లి అప్పడిగితే ఎవలిస్తారే సత్తెవతీ?" అంది. "పనీ పాటా బాగున్నప్పుడే అడగాల. తీసుకోవాల, తీర్సి సూపించాల. అప్పుడు మన మొకం ఆల్లకి గుర్తుంటాది."

డబ్బులున్నవాళ్లయితే ఇల్లు చూపించుకోవచ్చు, పొలం చూపించుకోవచ్చు. మాకు చూపించుకోవడానికి ఏమీ లేదు. తీసుకున్నది తిరిగిచ్చిన రోజులు తప్ప. ఈ ముక్క ఇప్పుడు నేను ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రోజు ఆవిడ నాకు పాఠం చెప్తోందని ఒళ్లు మండి లేచి లోపలికి వచ్చేశాను.

తర్వాత కొన్నేళ్లకి ఆడవాళ్ల పొదుపు సంఘాలు వచ్చాయి. మా వీధిలోనూ ఒకటి పెట్టారు. చదువు రాని నూకాలప్పని లీడరు చేశారు, ఏడో తరగతి చదివిన నన్ను మామూలు మెంబరుగా కూర్చోబెట్టారు. అది చాలు నాకు నెల రోజులు అన్నం సయించకపోవడానికి. సంఘం తరఫున బ్యాంకు మొదటిసారి అప్పు ఇచ్చినప్పుడు అందరితోపాటు నాకూ తీసుకోక తప్పలేదు. మెరిట్ కుట్టుమిషను కొనుక్కున్నాను గానీ, నెత్తి మీద బాకీ ఉందనే దిగులుతో నిద్రపట్టేది కాదు. దానికి తోడు నూకాలప్ప నెలనెలా గడువుకి ముందు రోజే బ్యాంకుకి వెళ్లి కట్టి వస్తుంటే, అందరూ ఆవిడని ఆహా ఓహో అనడం. నేనేమిటో చూపించాలనుకున్నాను. నాలుగు నెలలకే నా చెవిదిద్దులు అమ్మేసి మొత్తం బాకీ ఒక్కసారిగా కట్టేశాను. సంఘంలో అందరికంటే ముందు తీర్చింది నేనే. ఆ ఆనందంలో పావుకిలో మిఠాయి కొని ఆవిడ గుమ్మంలోకి వెళ్లాను.

ఆవిడ మిఠాయి అందుకోలేదు. నా బోసి చెవుల వైపు చూసింది.

"ఒక్కపాలే కట్టేసినావా? తొందరపడిపోనావే. నెలనెలా నువ్వొచ్చి కడతన్నావని ఆల్లు సూడాల గదా. ఇలా కట్టేసి అలా ఎల్లిపోనావంటే నువ్వెవలో ఆల్లకేటి తెలుస్తాది?"

నేను గెలిచానని ఈవిడకి కడుపుమంట అనుకున్నాను. నాకు కడుపుమంట తప్ప వేరే జబ్బు తెలియదు కాబట్టి ఎదుటివాళ్లకీ అదే అంటగట్టేదాన్ని. మిఠాయి ఇంటికి తెచ్చుకుని నేనే తిన్నాను. ఆ తర్వాత మూడేళ్లు సంఘంలో ఎన్నిసార్లు అప్పులిచ్చినా ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

ఆ మూడేళ్ల చివర, ద్వారకా నగర్లో బస్సు కాంప్లెక్సుకి దగ్గరగా, మేడమెట్ల కింద చిన్న గది ఖాళీ అవుతోందని తెలిసింది. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఆడపిల్లల పంజాబీ డ్రెస్సులు కుట్టడానికీ బిగించడానికీ అక్కడ ఒక మిషను పెట్టుకుని కూర్చుంటే చాలు, పని దానంతటదే వస్తుంది. అప్పటికి మా ఆయనకి వెల్డింగు పొగతో ఊపిరి సరిగ్గా ఆడటం లేదు, వారంలో సగం రోజులు మంచం మీదే ఉండేవాడు. ఆ గది దొరికితే మేము నిలబడతాం, లేదంటే తిరిగి తణుకు వెళ్లి అన్నయ్య పంచన పడాలి. ఇంటాయన అడ్వాన్సు కోసం నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. నేను ఉతికిన చీర కట్టుకుని బ్యాంకుకి వెళ్లాను.

అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే. నన్ను కూర్చోబెట్టే చెప్పాడు. ఒకసారి తీసుకున్నారు, నాలుగు నెలల్లో కట్టేశారు, మూడేళ్లుగా మీ పేరు మీద ఏమీ లేదు, ఇంత మొత్తం దేన్ని చూసి ఇమ్మంటారమ్మా అన్నాడు. అప్పు చెయ్యకపోవడం తప్పా అండీ అని అడిగాను. తప్పు కాదు, కానీ మాకు కనబడేదేమీ లేదు అన్నాడు. నా జన్మంతా కాపాడుకున్న పరువు ఆయన బల్ల మీద పెడితే ఏమీ కనబడలేదట. తలకొట్టేసినట్టయి లేచేసరికి, నా వెనకాల వరసలో నూకాలప్ప ఉంది. గంప బయట గోడవారన పెట్టి వచ్చింది. ఐసు పెట్టె కొనడానికి ఆవిడ అడిగిన అప్పు ఆ పూటే మంజూరైంది. వేలిముద్ర వేయడానికి వచ్చింది. నీచు వాసనేస్తున్న ఆవిడకి ఆఫీసరు కుర్చీ చూపించడం చూస్తుంటే, ఆ క్షణంలో ఆవిడ చచ్చిపోయినా బాగుండుననుకున్నాను. ఇది దాచుకోవలసిన మాటే. కానీ ఆవిడ గురించి రాస్తూ అబద్ధం రాస్తే ఆవిడకి నచ్చదు.

ఆవిడ కూర్చోలేదు. నన్ను అడగనైనా అడక్కుండా, దీనికి జామీను నానుంటాను బాబూ అంది. ఆఫీసరు కళ్లజోడు తీసి, రేపు ఈవిడ కట్టకపోతే మీ పేరు కూడా పాడవుతుంది తెలుసా అన్నాడు.

"కడతాది బాబూ," అంది నూకాలప్ప. "నానంటే దీనికి పడదు. నా మీద కుళ్ళుతోనైనా నెలనెలా కట్టేత్తాది."

పక్క బల్లల వాళ్లు ఫక్కున నవ్వారు. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. ఇన్నాళ్లూ నేను గుట్టుగా దాచుకున్నాననుకున్నది ఆవిడకి మొదట్నుంచీ తెలుసు. తెలిసే బియ్యం ఇవ్వబోయింది, తెలిసే సంఘంలో పక్కన కూర్చోబెట్టుకుంది, తెలిసే నా కోసం తన పేరు పణంగా పెట్టింది.

ఆవిడ చెప్పినట్టే అయింది. ఆ అప్పు తీరేదాకా ఐదేళ్లూ నేను గడువుకి రెండు రోజుల ముందే కట్టాను, ఎందుకంటే ఆవిడ ఒక్క రోజు ముందు కట్టేది. ద్వారకా నగర్ మెట్ల కింద గదిలో నాకు పని దొరికింది, మా ఆయన మందులకి డబ్బు దొరికింది, మేము తణుకు వెళ్లలేదు. అది తీరాక, అవసరం లేకపోయినా ఇంకొకటి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నావని మా ఆయన అడిగితే ఆవిడ మాటే అప్పజెప్పాను, ఎవరు చెప్పారో మాత్రం చెప్పలేదు.

నూకాలప్ప పచ్చకామెర్లతో పోయింది. ఆ రోజు కిరాణా కొట్టు మూసేశారు. చీటీలావిడ వచ్చింది, చీరలాయన వచ్చాడు, హార్బరులో పాట పెట్టేవాడు వచ్చి వీధిలో నిలబడి ఏడ్చాడు. అప్పులిచ్చినవాళ్లు అలా ఏడవడం నేనెక్కడా చూడలేదు. నేను కూడా గుండెలు బాదుకుని ఏడ్చాను. ఏడుస్తూనే, నేను పోతే ఎవరు కొట్టు మూస్తారా అని లెక్క చూసుకున్నాను.

ఆవిడ పోయిన తర్వాత గౌరి తన తల్లి గంప ఎత్తుకుంది. తల్లిలాగే గడ్డం ఎత్తింది గానీ, పాట పెట్టేవాడు డబ్బు ముందిమ్మన్నాడట. అమ్మ పేరు అమ్మతోనే పోనాది పిన్నీ అని నా దగ్గర చెప్పుకుంది. కొన్నాళ్లు అలాగే ఈడ్చింది. ఐసు పెట్టెతో సహా సరుకు ఆటో ఒకటి కొనుక్కుంటే రుషికొండ వైపు హోటళ్లకి చేపలు వేసుకోవచ్చునని ఆశపడింది. బ్యాంకు వాళ్లు జామీను కావాలన్నారు. నేను వెళ్లాను. అప్పటికి బ్యాంకులో కంప్యూటర్లు వచ్చేశాయి. కుర్రాఫీసరు నా పేరు కొట్టి చూసి, మీ సంతకం చాలండి, ఇంకెవరూ అక్కర్లేదు అన్నాడు. ఆ మాట వినగానే నేను వెనక్కి తిరిగి వరస వైపు చూశాను. వినవలసిన మనిషి అక్కడ లేదు.

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే గౌరి నవ్వింది. మా అమ్మ నీ గురించి ఏటనీదో తెలుసా పిన్నీ అంది. ఏమంటుంది, కుళ్ళుబోతుదని అంటుంది అన్నాను.

"కాదు పిన్నీ. 'సత్తెవతి దిద్దులమ్మి బాకీ తీర్సేసింది గదా, ఆ మూడేల్లూ ఎవలికీ బాకీ లేకుండా పడుకున్నాది. నాకు పుట్టి బుద్దెరిగి అలాటి నిద్ర ఒక్కటి నేదు. అది నా మీద కుళ్ళుకుంటాది గానీ, దాన్ని సూసి నానెంత కుళ్ళుకుంటన్నానో దానికి తెల్దే' అనీది."

అన్నేళ్లు పక్క గదిలో ఉన్నాను, మధ్యలో ఒక్క గోడే. నా కుళ్ళు ఆవిడ మొదటి రోజే కనిపెట్టేసింది, ఆవిడది నేను చివరిదాకా కనిపెట్టలేకపోయాను. ఈ సంగతి తెలిశాక నా కడుపు చల్లబడాలి. చల్లబడలేదు. కుళ్ళుని కూడా అంత హుందాగా దాచుకోగలిగినందుకు ఇప్పటికీ ఆవిడంటే నాకు ఒళ్లు మండుతుంది.